మే నెలలో వేళ్లు తెల్లబడితే

పోయిన వారం కూడా అదే మాట విన్నాను. “ఇక్కడ 42 డిగ్రీలు సార్, చలి ఎక్కడుంది? పైగా ఆ మాత్రలు వేడి చేస్తాయన్నారు. మానేశా.”

భర్తకు బదిలీ అయి ఢిల్లీ నుంచి తిరుపతి వచ్చిందామె. స్క్లెరోడెర్మా, అంటే చర్మం బిగుసుకుపోయే జబ్బు. దానితోపాటు రేనాడ్స్, అంటే చల్లదనం తగిలితే వేళ్ల రక్తనాళాలు ముడుచుకుని వేళ్లు తెల్లబడటం. బట్టల షాపులో క్యాష్ కౌంటర్ ఉద్యోగం, సరిగ్గా నెత్తిన ఏసీ. ఉంగరం వేలి కొస సున్నం పూసినట్టుంది, మధ్యలో మినప గింజంత నల్లటి పుండు.

రక్తనాళానికి అది మే నెలో జనవరో తెలియదు. మండుటెండలోంచి ఏసీలోకి ఒక్క అడుగు వేస్తే చాలు, ముడుచుకుంటుంది. కుర్చీ ఏసీకి దూరంగా జరపమని యజమానికి చీటీ రాసిచ్చా.

‘వేడి చేస్తుంది’ అనే మాట ఎందుకు పుట్టిందో తెలుసు. ఆమె మానేసిన మాత్ర నిఫెడిపిన్, నాళాలను తెరిచే మందు. దానితో కొందరికి ముఖం ఎర్రబడుతుంది, ఆవిర్లొస్తాయి, పాదాలు వాస్తాయి. నాళాలు తెరుచుకున్నందుకు అవన్నీ, ఒంట్లో వేడి పుట్టి కాదు. ఎండాకాలం చెమటకు ఒంట్లో నీళ్లు తగ్గితే, ఈ మాత్రతో బీపీ పడిపోయి లేవగానే కళ్లు తిరగొచ్చు. అప్పుడు డోసు మార్చమని డాక్టరును అడగండి. వేరే జబ్బు లేని రేనాడ్స్ అయితే వేసవిలో ఆపమని మేమే చెప్పే సందర్భాలున్నాయి. స్క్లెరోడెర్మా ఉండి సొంతంగా ఆపితే మాత్రం ఇదిగో, ఇలా పుండుతో వస్తారు.

నరాల వీక్‌నెస్ అంటూ బీకాంప్లెక్స్ సూదులు దండగ. మరిగే నీళ్లలో వేళ్లు ముంచొద్దు, తిమ్మిరెక్కిన వేలికి కాలడం తెలియదు. గోరువెచ్చని నీళ్లు చాలు, అవీ లేకపోతే చేతులు చంకల్లో పెట్టుకోండి. బీడీ, సిగరెట్ మానాల్సిందే. మైగ్రేన్‌కు ప్రొప్రనలాల్ మాత్ర వాడుతుంటే ఆ సంగతి డాక్టరు దగ్గర దాచొద్దు, దానితో రేనాడ్స్ ఎక్కువ కావచ్చు.

నెట్‌లో కుళ్లిన వేళ్ల ఫోటోలు చూసి రాత్రంతా ఏడ్చి వచ్చే పిల్లలుంటారు. తల్లీ, చిన్న వయసులో మొదలై, రెండు చేతులకూ వస్తూ, పుండ్లు లేకపోతే చాలామందికి అది వేలు పోగొట్టే జబ్బు కాదు. ముప్పై దాటాక మొదలైనా, చర్మం బిగుసుకుంటున్నా వెనక స్క్లెరోడెర్మా లాంటి జబ్బు ఉందేమో చూసే ఏఎన్ఏ రక్తపరీక్ష చేయించాలి. తెల్లబడగానే ఫోనులో ఫోటో తీసుకోండి. క్లినిక్‌కి వచ్చేసరికి రంగు మామూలైపోతుంది.

మా అమ్మకూ రేనాడ్స్ ఉంది. నడివేసవిలోనూ మా ఇంట్లో ఫ్రిజ్ పక్కన మేకుకి ఉలెన్ గ్లవుజులు వేలాడుతుంటాయి, పాల ప్యాకెట్ తీయడానికి. చుట్టాలు నవ్వుతారు. ఆవిడ ఆ గ్లవుజులతోనే వాళ్లకు మజ్జిగ అందిస్తుంది.