నల్లమల పులికీ పారాసెటమాల్ పడదు

"మా పిల్లికి ఒళ్లు కాలిపోతోందండీ. పసిపిల్లలకు వేసే పారాసెటమాల్ సిరప్ నాలుగు చుక్కలు పట్టవచ్చా?" అని ఒక పాఠకురాలు అడిగారు. వద్దు. ఒక్క చుక్క కూడా వద్దు. ముందు, అది జ్వరమే కాకపోవచ్చు. ఆరోగ్యంగా ఉన్న పిల్లి ఒంటి వేడి 100.5 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా ఉంటుంది కాబట్టి మన అరచేతికి అది ఎప్పుడూ వేడిగానే తగులుతుంది. ఇక అసలు సంగతి దాని కాలేయంలో ఉంది.

కాలేయాన్ని ఒక చెరువు అనుకుందాం. మింగిన మందు అందులోకి వచ్చి చేరే నీరు. మనిషి చెరువుకు ఒక పెద్ద తూము ఉంది: మందు అణువుకు గ్లూక్యురోనిక్ ఆమ్లాన్ని తగిలించి, నీటిలో కరిగేలా చేసి, మూత్రంలోకి పంపే ఏర్పాటు. పారాసెటమాల్‌లో సగానికి పైగా ఈ దారినే పోతుంది. పక్కనే చిన్న తూము: సల్ఫేటు తగిలించి పంపడం. సుమారు మూడో వంతు అటు వెళుతుంది. మిగిలిన కొద్దిపాటి భాగమే కట్ట మీద పడుతుంది. అది కణాలను కాల్చేసే విషపదార్థంగా మారుతుంది కానీ, గ్లూటాథయోన్ అనే ఇసుక బస్తాలు అక్కడ సిద్ధంగా ఉంటాయి. తగు మోతాదులో వేసుకున్నంత కాలం మన కట్టకు ఢోకా లేదు.

పిల్లి చెరువులో పెద్ద తూము పూడిపోయింది. చిన్న తూముకు అంత వరదను మోసే శక్తి లేదు. నీరంతా కట్ట మీదికే వస్తుంది, బస్తాలు గంటల్లో అయిపోతాయి, గండి పడుతుంది. లెక్క చూడండి: 500 మిల్లీగ్రాముల మాత్ర 60 కిలోల మనిషికి కిలోకు 8 మిల్లీగ్రాములు; అదే మాత్ర 4 కిలోల పిల్లికి కిలోకు 125. కిలోకు 10 మిల్లీగ్రాములకే విషలక్షణాలు కనిపించిన పిల్లులున్నాయి.

అంతటితో అయిపోలేదు. పారాసెటమాల్ నుంచి విడివడే పారా అమినోఫినాల్ రక్తంలోని హిమోగ్లోబిన్ మీద పడుతుంది. అందులోని ఇనుము ఆక్సీకరణ చెంది మెథిమోగ్లోబిన్‌గా మారితే ఇక ఆక్సిజన్‌ను మోయలేదు. మన హిమోగ్లోబిన్‌లో ఆక్సీకరణకు తేలిగ్గా లొంగే సల్ఫ్‌హైడ్రిల్ సమూహాలు రెండు, పిల్లికి ఎనిమిది. అందుకే పిల్లి ఎర్రకణాలు అంత త్వరగా దెబ్బతింటాయి. పెదవి ఎత్తి చూస్తే గులాబీ రంగులో ఉండాల్సిన చిగుళ్లు చాక్లెట్ రంగుకు తిరిగి ఉంటాయి. మొహం, పాదాలు ఉబ్బుతాయి. పశువైద్యులు ఎన్-ఎసిటైల్‌సిస్టీన్ ఇచ్చేది ఇలాంటప్పుడే. గ్లూటాథయోన్ తయారీకి కావలసిన సిస్టీన్‌ను అది అందిస్తుంది, అంటే బస్తాల లారీ వచ్చినట్టే. ఆలస్యమైతే మాత్రం లారీ వచ్చేసరికి ఊరు మునిగి ఉంటుంది.

పిల్లి ఎదురొచ్చిందని ప్రయాణం మానుకునేవారు ఇంకా ఉన్నారు. మన మందుల డబ్బా ఎదురుకావడమే పిల్లికి అసలైన అపశకునం.

ఆ తూము ఎందుకు పూడింది? 2000లో అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో మైకేల్ కోర్ట్, డేవిడ్ గ్రీన్‌బ్లాట్ పిల్లి డీఎన్ఏలో, ఆ పెద్ద తూమును నడిపే ఎంజైమును తయారుచేసే యూజీటీ1ఏ6 అనే జన్యువును వెతికారు. జన్యువు ఉంది, కానీ ఉత్పరివర్తనలతో చెడిపోయి ఉంది. కోర్ట్ బృందమే 2011లో పిల్లి కుటుంబంలోని 18 జాతులను పరిశీలించింది. అన్నింటిలోనూ అదే జన్యువు చెడిపోయే ఉంది! అంటే ఈ లోపం మన వంటింటి పిల్లిది కాదు, వంశానిది. నేటి పిల్లి జాతులన్నింటికీ పూర్వీకుడైన జీవి సుమారు కోటి సంవత్సరాల కిందటిది. జన్యువు అంతకు ముందే చెడింది. నల్లమల పులి, గిర్ సింహం, కోరింగ మడ అడవుల్లో చేపలు పట్టే బావురుపిల్లి, అన్నీ ఆ పూడిపోయిన తూముకు వారసులే.

పారాసెటమాల్ ఫినాల్ జాతి రసాయనం. ఆ జాతివి మొక్కల్లో కొల్లలు. ఆకులు, కాయలు తినే జంతువుకు వాటిని వదిలించుకునే తూము ప్రాణావసరం. మాంసం తప్ప ఏదీ ముట్టని జంతువులో ఆ జన్యువు పాడైనా ఏ పిల్లీ చావలేదు, కాబట్టి పాడైనది అలాగే కొనసాగింది. బడిలో పరిణామం అంటే కొత్తగా ఏదో సంపాదించుకోవడమే అన్నట్టు చెబుతాం. పోగొట్టుకోవడమూ పరిణామమే అని చెప్పడానికి పిల్లిని మించిన పాఠం నాకు కనబడలేదు. తీపి రుచిని పట్టే జన్యువూ దీనికి అలాగే పోయింది. 2005లో పిల్లి, పులి, చీటా మూడింటిలోనూ ఆ జన్యువు నుంచి ఒకే ముక్క, 247 డీఎన్ఏ అక్షరాలు, ఎగిరిపోయి ఉన్నట్టు తేలింది. పాయసం గిన్నె దగ్గర మీ పిల్లి తచ్చాడేది మీగడ కోసం. బెల్లం సంగతి దానికి తెలియనే తెలియదు. విచిత్రమేమిటంటే, చేపలు తిని బతికే ఉత్తర ఏనుగు సీల్‌లోనూ యూజీటీ1ఏ6 చెడిపోయి ఉంది. పిల్లితో దానికి దగ్గరి చుట్టరికం లేదు, తిండిలోనే పోలిక.

ఆస్పిరిన్ కూడా పిల్లి ఒంట్లోంచి సగం తగ్గడానికే ఒకటిన్నర రోజు పడుతుంది. కుక్కల పిడుదులకు వాడే పెర్మెత్రిన్ చుక్కలు పిల్లి మీద వేస్తే వణుకు, మూర్ఛలు వస్తాయి. నన్ను ఎక్కువగా భయపెట్టేది మాత్రం నల్ల ఫినాయిల్. అందులో ఉన్నవి తారు నుంచి తీసిన ఫినాల్సే. పిల్లి దాన్ని తాగనవసరం లేదు. తడిగచ్చు మీద నడిచి, మూల కూర్చుని పాదాలు నాక్కుంటే చాలు. జంతు ప్రదర్శనశాలల్లో పులులు, సింహాలు ఉండే గదులకు ఫినాల్ రకాలను దూరంగా ఉంచమనేదీ ఇందుకే. బాగా పలుచన చేసిన బ్లీచింగ్ ద్రావణంతో కడిగి, మంచినీళ్లు కొట్టి, గచ్చు పూర్తిగా ఆరాకే జంతువును లోపలికి వదలాలి. అది పులైనా, మీ ఇంటి పిల్లైనా.