మానిటర్ లేని డెస్క్‌టాప్

ఆ కంప్యూటర్‌కి మానిటర్ లేదు, కీబోర్డు లేదు, మౌస్ కూడా లేదు. ఏసీ హోరు మధ్య రాక్‌లో బిగించిన ఒక పెట్టె. దూరంలోని కంప్యూటర్‌లోకి భద్రంగా వెళ్లడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్‌తో మొదటిసారి అందులోకి లాగిన్ అయి, నల్లటి టెర్మినల్‌లో ‘వీఎన్‌సీసర్వర్ :1’ అని కొట్టినప్పుడు పెద్దగా ఏమీ జరిగినట్టు అనిపించలేదు. వీఎన్‌సీ అంటే దూరంలోని కంప్యూటర్ తెరని మన తెర మీదకి తెచ్చే పద్ధతి. కొత్త డెస్క్‌టాప్ తయారైందని, దాని నంబరు 1 అని రెండు మూడు లైన్లు వచ్చాయి. నా లాప్‌టాప్‌లో ఆ తెరని చూపించే వ్యూయర్ అనే ప్రోగ్రాం తెరిచి ఆ నంబరు ఇస్తే మెనూలు, ఐకాన్లు, వాల్‌పేపర్‌తో సహా మొత్తం లైనక్స్ డెస్క్‌టాప్ ఎదురుగా వచ్చి నిలబడింది. మరి అక్కడ తెరే లేదు కదా, ఈ బొమ్మ ఎక్కడ ఉన్నట్టు? చాలా రోజులు ఈ ప్రశ్న నన్ను వదల్లేదు.

తెర అనగానే మనకి కళ్ల ముందున్న గాజు పలక గుర్తొస్తుంది. కంప్యూటర్‌కి మాత్రం తెర అంటే మెమరీలో ఒక ముక్క. దాన్ని ఫ్రేమ్‌బఫర్ అంటారు. ఒక్కో చుక్కలో ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత అన్న అంకెలు అందులో వరసగా ఉంటాయి. 1280 చుక్కల వెడల్పు, 800 చుక్కల ఎత్తు ఉన్న తెరకి, చుక్కకి 4 బైట్ల చొప్పున లెక్క వేస్తే 40,96,000 బైట్లు. ఫోన్‌తో తీసిన ఒక ఫొటో పాటి జాగా. మానిటర్ ఆ అంకెల్ని చదివి వెలిగిస్తుంది. మానిటర్ తీసేసినంత మాత్రాన అంకెలు ఎక్కడికీ పోవు.

లైనక్స్‌లో విండోలు గీసే పనిని చాలాకాలంగా ఎక్స్ సర్వర్ చూస్తోంది. మామూలు ఎక్స్ సర్వర్ తాను గీసింది గ్రాఫిక్స్ కార్డుకి అందిస్తుంది. మన కమాండ్ లేపేది దాని తోబుట్టువు, పేరు ఎక్స్‌వీఎన్‌సీ. ఇది ఉత్త మెమరీలో గీసుకుంటూ, ఆ బొమ్మని నెట్‌వర్క్ మీదకి పంపుతుంది. పైన నడిచే బ్రౌజర్‌కి గానీ, ఎడిటర్‌కి గానీ తేడా తెలియదు.

ఈ వీఎన్‌సీ పద్ధతి ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో, ఒలివెట్టి పరిశోధనశాలలో పుట్టింది. ట్రిస్టన్ రిచర్డ్‌సన్, క్వెంటిన్ స్టాఫోర్డ్-ఫ్రేజర్, కెన్నెత్ వుడ్, ఆండీ హాపర్ 1998లో దీని గురించి పత్రం ప్రచురించారు. వీళ్లలో స్టాఫోర్డ్-ఫ్రేజర్‌కి ఇంకో ఘనత ఉంది. 1991లో కేంబ్రిడ్జ్ కంప్యూటర్ లేబరేటరీలో కాఫీ పాత్ర నిండిందో లేదో సీట్లోంచే చూసుకోడానికి కెమెరా పెట్టినవాళ్లలో ఆయనా ఒకరు. అక్కడ పాత్ర, ఇక్కడ డెస్క్‌టాప్. దూరంగా ఉన్నదాని బొమ్మ నా దగ్గరికి వస్తే చాలన్న ఆలోచన రెండింట్లోనూ ఒకటే.

సర్వర్, వ్యూయర్ మాట్లాడుకోడానికి వాళ్లు ఎంచుకున్న భాష ఎంత చిన్నదో చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. సర్వర్ వ్యూయర్‌కి చెప్పేదల్లా దాదాపు ఒకే మాట: ‘ఈ దీర్ఘచతురస్రాన్ని ఫలానా చోట పెట్టు.’ బటన్ అంటే ఏమిటో, మెనూ అంటే ఏమిటో వ్యూయర్‌కి తెలియనక్కర్లేదు. ఇటునుంచి అటు వెళ్లేది ఇంకా తక్కువ. మౌస్ కదిలితే 6 బైట్లు, కీ నొక్కితే 8, వదిలితే మళ్లీ 8. మనం 600 బై 400 చుక్కల విండోని పక్కకి జరిపామనుకోండి. బొమ్మంతా ఉన్నదున్నట్టు పంపితే 9,60,000 బైట్లు. కానీ ఆ బొమ్మ వ్యూయర్ దగ్గర ముందే ఉంది కదా! ‘అక్కడున్నది ఇక్కడికి కాపీ చేసుకో’ అని చెప్పడానికి 16 బైట్లు చాలు. విండో తప్పుకున్నాక బయటపడ్డ భాగాన్ని మాత్రం విడిగా పంపాలి. పైగా వ్యూయర్ అడిగితేనే సర్వర్ కొత్త బొమ్మ ఇస్తుంది. నెట్ నెమ్మదిగా ఉంటే వ్యూయర్ తక్కువసార్లు అడుగుతుంది, మధ్యలో మారినవి వదిలేసి తాజా బొమ్మే తెచ్చుకుంటుంది.

కమాండ్ కొట్టాక కనిపించకుండా జరిగే పనులు కొన్ని ఉన్నాయి, ఇబ్బందులు వచ్చేదీ అక్కడే. మొదటిసారైతే పాస్‌వర్డ్ పెట్టమంటుంది. ఆ నంబరు వాడకంలో ఉందని తెలిపే లాక్ ఫైలు ఒకటి టెంప్ ఫోల్డర్‌లో పెడుతుంది. సర్వర్ అర్ధంతరంగా చచ్చిపోతే ఆ ఫైలు అలాగే మిగిలిపోయి, ‘ఇది ఇప్పటికే నడుస్తోంది’ అన్న తప్పుడు సమాధానం రావచ్చు. ఇక ఎక్స్‌స్టార్టప్ అనే చిన్న స్క్రిప్టు. ఏ డెస్క్‌టాప్ తెరవాలో చెప్పేది అదే. అది సరిగా లేకపోతే బూడిదరంగు తెర మీద ఇంటూ గుర్తు లాంటి కర్సర్ ఒక్కటే కనిపించి కొత్తవాళ్లని బెంబేలెత్తిస్తుంది. కంగారుపడి అన్నీ తీసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం కంటే జరిగినవన్నీ నమోదయ్యే లాగ్ ఫైలు ముందు చదవడం మేలు, కారణం చాలాసార్లు అందులోనే దొరుకుతుంది. కొన్ని కొత్త లైనక్స్‌లలో ఈ కమాండ్ నేరుగా కొట్టే పద్ధతి పోయి, లైనక్స్‌లో వెనక నడిచే ప్రోగ్రాంలని చూసుకునే సిస్టమ్‌డీ ద్వారా సర్వీసుగా మొదలుపెట్టే పద్ధతి వచ్చింది. లోపల జరిగేది మాత్రం ఇదే.

పాస్‌వర్డ్ దగ్గర ఆగి చెప్పాల్సిన మాట ఒకటుంది. పాత వీఎన్‌సీ పద్ధతి మొదటి 8 అక్షరాలే చూస్తుంది. విజయవాడ అని ఇంగ్లిష్‌లో రాస్తే 10 అక్షరాలు. దాని వెనక మీరు ఎన్ని అంకెలు, ఎన్ని గుర్తులు చేర్చినా ‘విజయవా’ దగ్గరే లెక్క ఆగిపోతుంది. ఆ పాత పద్ధతిలో పాస్‌వర్డ్ దాటాక బొమ్మలూ, మీరు నొక్కే కీలూ మామూలుగా తాళం (ఎన్‌క్రిప్షన్) లేకుండానే ప్రయాణిస్తాయి, వేరే సైట్లలో మీరు కొట్టే పాస్‌వర్డ్‌లతో సహా. డిస్‌ప్లే 1, అంటే నంబరు 1 డెస్క్‌టాప్, ఉండేది 5901వ పోర్టులో (పోర్టు అంటే నెట్‌వర్క్ నుంచి కంప్యూటర్‌లోకి వచ్చే ద్వారం లాంటిది), 2 ఉండేది 5902లో. 5900కి నంబరు కలుపుకోవడమే కాబట్టి వెతికేవాళ్లకి కూడా సులువు. దయచేసి ఆ పోర్టుని ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టకండి. సర్వర్ మొదలుపెట్టేటప్పుడే ‘లోకల్‌హోస్ట్’ ఆప్షన్ ఇస్తే ఆ కంప్యూటర్ లోపలినుంచి తప్ప బయటివాళ్లకి అందదు. మీరు మీ లాప్‌టాప్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్ టనెల్, అంటే సొరంగం లాంటి దారి, వేసుకుని అందులోంచి వెళ్లండి. టైప్ చేయాల్సింది ఒక్క లైను ఎక్కువ, కానీ మొత్తం రాకపోకలకి గట్టి తాళం పడుతుంది.

వ్యూయర్ మూసేస్తే డెస్క్‌టాప్ మూతపడదు. తెర ఉన్నది అవతలి మెమరీలో కాబట్టి ఇవతల లాప్‌టాప్ ఆపేసినా అక్కడ పని నడుస్తూనే ఉంటుంది. కేంబ్రిడ్జ్‌వాళ్లు కోరుకున్నదీ ఇదే: ఒక చోట వాక్యం సగంలో వదిలేసి, ఇంకో చోట కూర్చుని అక్కడినుంచే పూర్తి చేయగలగాలి. కానీ వదిలేసిన డెస్క్‌టాప్‌లు మెమరీ తింటూ అలా పడి ఉంటాయి. ‘లిస్ట్’ ఆప్షన్‌తో చూస్తే నడుస్తున్నవన్నీ బయటపడతాయి. ‘కిల్’ అని నంబరు ఇస్తే ఆగుతుంది, సేవ్ చేయనిదేదైనా ఉంటే దాంతోపాటే పోతుంది.

ఒకసారి అలా లిస్ట్ చూస్తే నేను ఎప్పుడో మొదలుపెట్టి మరిచిపోయిన డిస్‌ప్లే 3 కనిపించింది. కిల్ కొట్టబోయి, ఎందుకో ముందు వ్యూయర్‌లో తెరిచాను. ఎడిటర్‌లో నేను రాస్తున్న నోట్సు, సగంలో ఆగిన వాక్యం, దాని చివర మిణుకుమంటూ కర్సర్. వాక్యం పూర్తి చేసి, సేవ్ చేసి, అప్పుడు ఆపాను.