కంతు ఎప్పుడు? కాగితం ఎవరి పేరున? పేదల అప్పులపై అపోహలు - వాస్తవాలు

కందుకూరు, కనిగిరి, కావలి వైపు బ్యాంకు బ్రాంచీల్లో ఫీల్డ్ ఆఫీసరుగా పాతికేళ్లు డ్వాక్రా అప్పులు, పంట రుణాలు చూశాను. ‘సమ్మిళిత, సుస్థిర వృద్ధి’ అని సర్క్యులర్లో చదివినప్పుడల్లా నాకు డ్వాక్రా గ్రూపు మినిట్స్ పుస్తకంలో వరసగా పడ్డ వేలిముద్రలే గుర్తొచ్చేవి. ఊళ్లల్లోనూ మా స్టాఫ్ మధ్యా పదేపదే విన్న మాటలు కొన్ని చెప్తాను.

అపోహ: పేదోళ్ల చేతిలో డబ్బు నిలవదు.

నెల్లూరు జిల్లాలో ఈ మాట అనడానికి సిగ్గుపడాలి. రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకున్న దూబగుంట ఆడవాళ్లు, రోశమ్మ ముందుండగా, 1990ల మొదట్లో సారా కొట్టు మూయించారు. 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. సారాకు పోయే డబ్బులోంచే రోజుకో రూపాయి తీసి దాచుకుంటూ పొదుపులక్ష్మి గ్రూపులు పెట్టుకున్నారు. ఊళ్లో ‘నూటికి మూడు రూపాయలు’ అంటే చిన్న వడ్డీలా వినిపిస్తుంది. అది నెలకు. ఏడాదికి 36 శాతం. అంత వడ్డీ కట్టుకుంటూ వచ్చినవాళ్లకు డబ్బు విలువ మనం నేర్పాలా?

అపోహ: ఎంత ఎక్కువ అప్పిస్తే అంత అభివృద్ధి.

ఈ భ్రమ నాకూ ఉండేది. కనిగిరి దగ్గర ఒక గ్రూపులో పదిమందికీ ఎండాకాలం ముందు గేదెలకు అప్పు రాశాను. నా టార్గెట్‌కు గడువు మార్చి 31. గడ్డి ఉందా, నీళ్లున్నాయా అని అడగలేదు. ఫ్లోరైడ్ నీళ్ల ఊరది. తనిఖీకి వెళ్తే మొదటి ఇంటి ముందు గేదె, మూడో ఇంటి ముందూ గేదె. మూడో ఇంటి దగ్గరున్నది ఆయాసపడుతోంది. ఒకదాన్నే సందులోంచి తోలుకొచ్చారు! ఆ ఇంటామెను అడిగితే, “ఏంజేసేది సార్, నేను తాగే నీళ్లకే ట్యాంకరు రావాల. దానికి యాడ తెచ్చేది? సంతలో అమ్మేశా” అంది. తప్పు ఆమెది కాదు, నాది.

ఒకే మనిషికి నాలుగు చోట్ల అప్పులిచ్చి, వారంవారం ఇంటి ముందు కూర్చుని వసూలు చేసిన మైక్రో ఫైనాన్స్ కంపెనీల కథ, ఆ వసూళ్లకు కళ్లెం వేసిన 2010 అక్టోబరు ఆర్డినెన్సుతో ఎక్కడికి చేరిందో తెలిసిందే. ఇప్పుడు గ్రూపుకు 20 లక్షల దాకా తాకట్టు లేకుండా ఇవ్వొచ్చు. మంచిదే. కానీ ఆ డబ్బు ఏ నెలలో చేతికొస్తుంది, కంతు ఏ నెలలో మొదలవుతుంది అన్నదే అసలు సంగతి. పొగాకు కూలికి వెళ్లే ఒకామె, “వేలాలు జరిగే నెలల్లో ఎక్కువ కడతాం, వానాకాలం తగ్గించండి” అని అడిగింది. కంప్యూటర్ ఒప్పుకోదమ్మా అన్నాను. “దానికేమన్నా పొలముందా సార్?” అంది.

అపోహ: మాఫీ ఆశతో డ్వాక్రా వాళ్లు కట్టరు.

కొంత నిజం. 2014 ఎన్నికల రుణమాఫీ హామీల తర్వాత కంతులు ఆగడం చూశాను. అయితే ఆ గ్రూపుల్లోనే పొదుపు డబ్బుతో ఒకరికొకరు ఇచ్చుకున్న అంతర్గత అప్పులు నెలనెలా తిరుగుతూనే ఉన్నాయి. పక్కింటామె డబ్బు ఎగ్గొట్టడం అంత తేలిక కాదు మరి.

అపోహ: రొయ్యల గుంటలొస్తే ఊరంతా బాగుపడుతుంది.

గుంట ఉన్నవాడు బాగుపడొచ్చు, అదీ కౌంటు ధర (కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే ఎంత అన్న రేటు) నిలబడితే. 1990ల మధ్యలో తెల్లమచ్చ తెగులు టైగర్ రొయ్యను తుడిచిపెట్టింది. తర్వాత వనామీ రకం రొయ్య వచ్చింది. 2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరితే దెబ్బ నేరుగా గుంట గట్టుకే తగిలింది. మడి గుంటగా మారితే నాట్లు, కలుపు పోతాయి. ఆ పని చేసుకుని బతికిన ఆడకూలీలు ప్లాంట్లకు వెళ్లి ఐసు నీళ్లల్లో చేతులు పెట్టి రొయ్యల తలలు తీస్తున్నారు. పక్క పొలం బోరులో నీళ్లు ఉప్పుతేలితే ఆ నష్టం ఏ ప్రాజెక్టు రిపోర్టులోనూ కనపడదు. నేనూ అలాంటి రిపోర్టులు పాస్ చేసినవాణ్ణే.

అపోహ: పంట రుణం పంట పండించేవాడికే అందుతుంది.

పట్టాదారు పాస్‌బుక్ ఉన్నవాడికి అందుతుంది. ఆయన ఒంగోల్లోనో హైదరాబాదులోనో ఉండి, బంగారం పెట్టి పంట రుణం తీసుకెళ్తాడు. సాగు చేసేది కౌలు రైతు. 2011లో చట్టం చేసి రుణ అర్హత కార్డులన్నారు. 2019 చట్టంలో పదకొండు నెలల సాగు హక్కు పత్రం అన్నారు, కానీ దానికి భూయజమాని సంతకం కావాలన్నారు. “సంతకం పెడితే రేపు పొలం నాదంటావు” అని ఆయన భయం. గట్టిగా అడిగితే వచ్చే ఏడు కౌలు పోతుందని ఈయన భయం. పొలం గట్టు మీద ఇద్దర్నీ నిలబెట్టి మాట్లాడించినప్పుడు కొన్ని సంతకాలు పడ్డాయి. ఆఫీసులో కూర్చుంటే ఒక్కటీ పడలేదు.

సంతకం దొరక్కపోతే నాలుగు నుంచి పదిమంది కౌలు రైతులు కలిసి జేఎల్‌జీ (జాయింట్ లయబిలిటీ, అంటే ఉమ్మడి బాధ్యత) గ్రూపుగా రావచ్చు. ఒకరికొకరు పూచీ. శనగ వేసేవాళ్లు సెప్టెంబరులోనే బ్రాంచికి వెళ్లి అడగండి. విత్తనం చల్లాక వెళ్తే అప్పటికే ఎరువుల కొట్టులో అప్పుకు నోటు రాసిచ్చి ఉంటారు, పంట కూడా ఆ కొట్టుకే తోలాల్సొస్తుంది.