సీటీసీ ఆరు లక్షలు, చేతికి ఎంత? జీతాలపై అపోహలు - వాస్తవాలు

పన్నెండేళ్లుగా కంపెనీల్లో జీతాల పనే చూస్తున్నాను. ఒకటో తారీఖున నా టేబుల్ దగ్గరికి వచ్చేవాళ్లు అడిగేది ఒకటే: "సార్, ఇంత కట్ అయిందేంటి?" తప్పు వాళ్లది కాదు. చేరేరోజు ఎవరూ విడమరిచి చెప్పరు.

అపోహ: సీటీసీ ఆరు లక్షలంటే నెలకు యాభై వేలు.

వాస్తవం: కంపెనీ మీ మీద పెట్టే ఖర్చంతా కలిపితే సీటీసీ. నెలకు బేసిక్, అంటే మూల వేతనం, 25,000 అనుకుందాం. కంపెనీ కట్టే పీఎఫ్ (భవిష్య నిధి) అందులో 12 శాతం, అంటే 3,000. గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు కంపెనీ ఇచ్చే మొత్తం, దాని కింద చూపించేది బేసిక్‌లో 4.81 శాతం, సుమారు 1,200. ఈ రెండూ ఆ యాభై వేలలోవే. మిగిలిన 45,800లో మీ వాటా పీఎఫ్ ఇంకో 3,000, తెలంగాణలో వృత్తి పన్ను 200 పోతే, చేతికొచ్చేది 42,600. ఈ లెక్కను ఆఫర్ లెటర్‌తో పాటే కాగితం మీద రాసివ్వడం మొదలుపెట్టాక నాకు ఒకటో తారీఖు టెన్షన్ చాలా తగ్గింది.

అపోహ: బేసిక్ తగ్గించి అలవెన్సులు పెంచితే ఉద్యోగికే లాభం.

వాస్తవం: పీఎఫ్ కోత తగ్గి ఈ నెల చేతికి నాలుగు రూపాయలు ఎక్కువొస్తాయి, నిజమే. కానీ గ్రాట్యుటీ లెక్క చూడండి. చివరి బేసిక్, డీఏ (కరువు భత్యం) కలిపి 15తో గుణించి, 26తో భాగించి, సర్వీసు సంవత్సరాలతో గుణిస్తారు. 26,000 బేసిక్‌కి ఆరేళ్లకు 90,000 వస్తుంది. 13,000 అయితే 45,000. కొత్త లేబర్ కోడ్‌లు, అంటే కార్మిక చట్టాలు, 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటినదాన్ని కూడా వేతనంలో కలిపే లెక్కగట్టాలి. కాబట్టి ఆ కిటుకు ఇక పెద్దగా పారదు.

అపోహ: మూడేళ్లకు మానేసినా గ్రాట్యుటీ ఇస్తారు.

వాస్తవం: పర్మినెంట్ ఉద్యోగికి ఐదేళ్లు నిండాలి. మరణం, వైకల్యం విషయంలో ఆ షరతు లేదు.

అపోహ: జీతాలు గుట్టుగా ఉంచితే గొడవలుండవు.

వాస్తవం: ఎన్నాళ్లుంటుంది ఆ గుట్టు? నేను ఇదివరకు పనిచేసిన ఒక ఫ్యాక్టరీలో ఎవరో ప్రింటర్ మీద పే స్లిప్ మరిచిపోయారు. కొత్తగా చేరిన కుర్రాడిది. ఎనిమిదేళ్లుగా అదే మెషిన్ నడుపుతున్న ఆపరేటర్ కంటే 2,500 ఎక్కువ. ఆయన గొడవేమీ పడలేదు. కాగితం మడిచి నా టేబుల్ మీద పెట్టి, "ఈ పిల్లాడికి పని నేర్పుతోంది నేనే సార్" అన్నాడు. మార్కెట్ రేటు అలా ఉందని ఏదో చెప్పాను. ఆ జవాబు నాకే రుచించలేదు.

తరవాత ఒక్కో పోస్టుకీ కనీసం ఇంత, గరిష్ఠం ఇంత అని పట్టిక వేసి మేనేజ్‌మెంట్ ముందు పెట్టాను. కొత్తవాళ్లకు ఆఫర్ ఇచ్చే ముందు అదే పనిలో ఉన్న పాతవాళ్ల జీతం చూడాలి, తేడా ఉంటే ముందు వాళ్లది సరిచేయాలి. ఇంతే రూలు. ఒప్పుకోవడానికి వాళ్లకు ఏడాది పైనే పట్టింది. ఆపరేటర్ ఆలోపే మానేశాడు. ఆయన ఫైనల్ సెటిల్‌మెంట్ వేసింది కూడా నేనే, తొమ్మిదేళ్ల గ్రాట్యుటీతో.