ఎనిమిదో నంబర్ నా కాలిది కాదు

రెండేళ్ల కింద చైత్ర పౌర్ణమికి సలేశ్వరం పోయాను. నాగర్‌కర్నూల్ జిల్లా నల్లమలలో, లోయ అడుగున ఉంటాడు లింగమయ్య. బండి దిగాక రాళ్లలో నడవాలి, చివర్లో నిటారుగా దిగాలి. "వస్తున్నం లింగమయ్యా" అని అరుచుకుంటూ జనం వట్టికాళ్లతో చకచకా దిగిపోతుంటే, నేను వారం కింద మహబూబ్‌నగర్‌లో కొన్న కొత్త బూట్లతో దిగాను.

ఇంటికొచ్చి సాక్సు విప్పితే రెండు బొటనవేళ్ల గోళ్లూ నేరేడుపండు రంగులో ఉన్నాయి. వారానికి నల్లబడ్డాయి. నెల తిరిగేసరికి ఒకటి ఊడింది. కాలి బొటనవేలికి గోరు పూర్తిగా కొత్తది రావాలంటే ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. అన్నాళ్లూ కాళ్లు కడుక్కున్నప్పుడల్లా ఆ బూట్లే గుర్తొచ్చేవి.

ఆ బూట్లేమైనా బిగుతా అంటే, కాదు. కొంచెం వదులే. షాపులో కుర్రవాడు ముందు 7 నంబర్ తెచ్చాడు. చిటికెన వేలి దగ్గర గట్టిగా పట్టింది. "8 చూడండి సార్" అన్నాడు. 8లో పక్కలు హాయిగా ఉన్నాయి. డబ్బులిచ్చి బయటపడ్డాను. మనలో చాలామంది కొనేది ఇలాగే. వెడల్పు చాలకపోతే పొడవు పెంచుకుంటాం.

దిగుడులో ఏమైందంటే, ముందు ఖాళీ ఉంది కాబట్టి అడుగు వేసినప్పుడల్లా పాదం ముందుకు జారింది. బొటనవేలు బూటు కొసకు కొట్టుకుంది. ఒకటి రెండుసార్లయితే ఏమీ కాదు, కొన్ని వేలసార్లు కొట్టుకుంది. గోరు కింద సన్నటి రక్తనాళాలు చిట్లి, బయటికి పోయే దారిలేక రక్తం అక్కడే గడ్డకట్టింది. నల్లరంగు దానిదే. చిన్న బూటు వేలిని నొక్కి గోరు పాడుచేస్తుంది, పెద్ద బూటు కొట్టి పాడుచేస్తుంది.

ఇంతకీ ఆ 8 అంటే ఏమిటి? మన దగ్గర ఇన్నేళ్లుగా నడుస్తున్నది ఇంగ్లండ్ లెక్క. అందులో ఒక సైజుకూ ఇంకో సైజుకూ తేడా ఒక బార్లీ గింజ పొడవు, అంటే అంగుళంలో మూడో వంతు, దాదాపు 8.5 మిల్లీమీటర్లు. లెక్క నాలుగు అంగుళాల దగ్గర మొదలవుతుంది. అక్కడి నుంచి పిల్లల సైజులు 13 దాకా పోతాయి. తర్వాత పెద్దవాళ్లకు మళ్లీ ఒకటి నుంచి. ఆ లెక్కన 8 నంబర్ అంటే సరిగ్గా 11 అంగుళాలు, దాదాపు 28 సెంటీమీటర్లు. అమెరికా వాళ్లు దీన్నే మగవాళ్ల బూట్లలో 9 అంటారు, యూరప్ వాళ్లు 42 అంటారు. గింజతో కొలవడం మనకూ కొత్త కాదు. ఎనిమిది యవల (బార్లీ గింజల) వెడల్పు ఒక అంగుళమని, అంటే వేలి వెడల్పని, కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ఉంది.

అసలు సంగతేమిటంటే ఈ 11 అంగుళాలు పాదం కొలత కాదు. బూటును ఒక అచ్చు మీద తొడిగి కుడతారు, ఈ అంగుళాలు ఆ అచ్చువి. వేళ్ల ముందు వదిలే ఖాళీ కూడా అందులోనే కలిసి ఉంటుంది. ఎంత వదలాలో, ముందుభాగం ఎంత సూదిగా ఉండాలో ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. అందుకే ఒకే మనిషికి ఒక కంపెనీ 7, ఇంకో కంపెనీ 8 సరిపోతాయి. పైగా సైజు ఒకటి పెరిగితే పొడవు 8.5 మిల్లీమీటర్లు పెరుగుతుంది కానీ, అడుగు వెడల్పు పెరిగేది సుమారు రెండు మిల్లీమీటర్లే. ఆ రెండు మిల్లీమీటర్ల కోసం నేను ఎనిమిదిన్నర మిల్లీమీటర్ల పొడవు కొన్నాను. అదీ నా బేరం.

మన పాదాలు వెడల్పు. ఇది నా ఒక్కడి గోడు కాదు. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధనా సంస్థ 2021 డిసెంబర్ నుంచి 2022 మార్చి దాకా దేశంలో 79 చోట్ల లక్షకు పైగా మంది పాదాలను త్రీడీ స్కానర్లతో కొలిపించింది. మనవాళ్ల పాదాలు సగటున పాశ్చాత్యుల పాదాల కంటే వెడల్పని తేలింది. అందుకే 'భా' పేరుతో మనదైన సైజుల పద్ధతిని ప్రతిపాదించారు. వట్టికాళ్లతో తిరిగి పెరిగినవాళ్ల వేళ్లు విచ్చుకుని ఉంటాయి. మా పొలం దగ్గర పెద్దమనుషుల పాదాలు చూస్తే విసనకర్రలు గుర్తొస్తాయి. ఆ కాలిని సూదిమూతి బూటులో పెట్టి పెళ్లికి పొమ్మంటే కాలేం చేస్తుంది? బొటనవేలు పక్కకు ఒరుగుతుంది, దాని మొదట ఎముక బొడిపెలా పొడుచుకొస్తుంది, చిటికెన వేలి మీద ఆనె కాస్తుంది.

మణిపాల్ కస్తూర్బా వైద్య కళాశాల డాక్టర్లు 2,300 మంది పిల్లల పాదాలు పరిశీలించి 1992లో ఫలితాలు అచ్చువేశారు. చెప్పులో బూట్లో వేసుకునే పిల్లల్లో నూటికి 8.6 మందికి చదును పాదాలు (వంపు లేని అరికాళ్లు) ఉంటే, వట్టికాళ్ల పిల్లల్లో 2.8 మందికే ఉన్నాయి. వేళ్లు మూసే బూట్లు వేసేవాళ్లలో మరీ ఎక్కువ. పిల్లల్ని ముళ్లలో తిప్పమని కాదు నా ఉద్దేశం. ఎల్‌కేజీ పిల్లవాడికి రోజంతా నల్లబూట్లు బిగించే యూనిఫాం గురించి ఎవరైనా ఒకసారి ఆలోచిస్తే బాగుండు.

ఒక్కో పాదంలో 26 ఎముకలు, 33 కీళ్లు. నడకలో మడమ పైకి లేచినప్పుడు పాదం వంగేది మధ్యలో కాదు, వేళ్ల మొదట. వేళ్లు వెనక్కి వంగగానే అరికాలి కింద మడమ నుంచి వేళ్ల దాకా ఉన్న గట్టి పట్టీ బిగుసుకుని, పాదం వంపును పైకి లేపుతుంది. చేదబావి గిలకకు తాడు చుట్టుకున్నట్టే. ఈ పని తీరును 1954లో హిక్స్ అనే ఆయన వివరించాడు. మెత్తగా నేలకు ఆనిన పాదం ఆ క్షణంలో గట్టి కర్రలా మారి మనల్ని ముందుకు నెడుతుంది. మరి బూటు కూడా సరిగ్గా అక్కడే వంగాలి కదా! నా 8 నంబర్ బూటు వంగే చోటు నా వేళ్ల మొదలు కంటే ముందుంది. పొడవు పెంచి కొన్నవాళ్లందరిదీ ఇదే తిప్పలు. షాపులో బూటు కొస, మడమ పట్టుకుని వంచి చూడండి. నడిమధ్యలో మడత పడితే అక్కడే పెట్టేసి రండి.

మా ఊళ్లో చెప్పులు కుట్టే తాతకు ఈ నంబర్లేవీ తెలియవు. కాలు తోలు మీద పెట్టమని, బొగ్గుముక్కతో చుట్టూ గీసేవాడు. రెండు కాళ్లూ గీసేవాడు. "ఒకటి గీస్తే సాలదా తాతా" అంటే "రెండు కాళ్లు ఒక్క తీరుగ ఉంటయా పటేలా" అని నవ్వేవాడు. చాలామందికి ఒక పాదం కొంచెం పెద్దది. గోరు ఊడాక నేనూ అదే పని చేశాను. సాయంత్రం పూట, ఎందుకంటే పగలంతా నిలబడితే పాదాలకు నీరు దిగి కాస్త ఉబ్బుతాయి. పేపరు మీద నిలబడి, బరువంతా మోపి, మా ఆవిడతో పెన్సిల్ నిటారుగా పట్టించి గీయించుకున్నాను. కుడి 25.6 సెంటీమీటర్లు, ఎడమ 26. నా రెండో వేలు బొటనవేలి కంటే పొడుగు, కొలత దాని కొస నుంచి తీయాలి. (ఆడవాళ్లకు అలా ఉంటే మొగుణ్ని ఆడిస్తుందంటారు. మగవాళ్లకు ఉంటే ఏమంటారో ఎవరూ చెప్పలేదు.) 7 నంబర్ అచ్చు 27 సెంటీమీటర్ల చిల్లర. అంటే పొడవుకు నాది 7, ముందు సెంటీమీటరు ఖాళీ కూడా ఉంటుంది. నాకు కావలసింది వెడల్పాటి 7. కత్తిరించిన పేపరు పాదాన్ని జేబులో పెట్టుకుపోయి, బూటు లోపలి అట్ట బయటికి తీసి దాని మీద పరిచి చూశాను. నాలుగో షాపులో దొరికింది. షాపువాళ్లు నవ్వారు, నవ్వనీ.

పాత చెప్పుల అడుగు కూడా ఓసారి చూసుకోండి. మామూలుగా మడమ దగ్గర బయటి అంచు ముందు అరుగుతుంది. లోపలి అంచు అరుగుతుంటే పాదమో మోకాలో లోపలికి వాలుతున్నట్టు. ఫ్లోరైడ్ నీళ్లకు మోకాళ్లు లోపలికి వంగినవాళ్లు నల్లగొండ జిల్లాలో ఎందరో. వాళ్లకు షాపు బూటులో ఏ నంబరూ సరిపోదు, డాక్టర్‌కు చూపించి చేయించుకోవలసిందే.

చెప్పు కరిచిందని మనం తిట్టుకుంటాం కానీ, కరిచినట్టు తెలియడం అదృష్టం. ఈ ముక్క మా అమ్మ వల్ల అర్థమైంది. అమ్మకు ఇరవై ఏళ్లుగా షుగర్. ఒకరోజు సాయంత్రం చెప్పు విప్పుతుంటే దాంతోపాటు కాలూ లేచింది. తుమ్మముల్లు రబ్బరులోంచి దూసుకొచ్చి అరికాల్లో దిగి ఉంది. పొద్దుటి నుంచి అలాగే తిరిగింది. "నాకేం నొప్పి లేదు బిడ్డా, మంచిగనే ఉన్నది" అంది. షుగర్‌తో నరాలు దెబ్బతింటే స్పర్శ పోతుంది. 10 గ్రాముల బరువుకు వంగే నైలాన్ పోగును అరికాల్లో అక్కడక్కడా ఆనించి డాక్టర్లు దీన్ని కనిపెడతారు. అమ్మకు నాలుగు చోట్ల తెలియలేదు.

1946లో వెల్లూరుకు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల్లో ఇదే గమనించాడు. పుండ్లకు కారణం మాంసం దానంతట అది కుళ్లడం కాదు, నొప్పి తెలియకపోవడమేనని. అక్కడి నుంచే మెత్తటి రబ్బరు చెప్పుల ఆలోచన బలపడింది. ఇప్పుడు షుగర్ పేషెంట్లకు రాసే ఎం.సి.ఆర్. (మైక్రో సెల్యులర్ రబ్బర్) చెప్పులు ఆ దారిలోవే. లోపల మెత్తన, వెనక పట్టీ, ఎక్కడా మేకు ఉండదు. ఇలాంటివాళ్లు ఎండాకాలంలో గుడి బండల మీద వట్టికాళ్లతో ప్రదక్షిణలు చేస్తే బొబ్బలు లేచేదాకా తెలియదు.

అమ్మ మాత్రం కార్తీకంలో కురుమూర్తి జాతరకు పోక మానదు. చిన్న వడ్డెమాన్ ఊళ్లో కుట్టిన తోలు ఉద్దాలు, అంటే స్వామి పాదరక్షలు, ఊరేగింపుగా స్వామి దగ్గరికి పోతుంటే, వాటిని కళ్లకద్దుకోవడానికి జనం తోసుకుంటారు. పోయినేడు కొత్త చెప్పులు తొడిగించుకుని వెళ్లింది. రాత్రి ఇంటికొచ్చాక పీట వేసి కూర్చోబెట్టి, ఫోన్ లైటు వేసి వేళ్ల సందులు చూస్తుంటే కాలు వెనక్కి లాక్కుంది. "స్వామి ఉద్దాలనన్న ఇంత సేపు సూడలేదు గదరా!"