పోయినేడాది అంకెలతో ఈ ఏడాది డిఫెన్స్‌ను కొలవొద్దు: అపోహలు - వాస్తవాలు

ఆగస్టు వచ్చిందంటే మా ఇంటి వాట్సాప్ గ్రూపు రెండు ముక్కలవుతుంది. బావగారు ఉండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. డాలస్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు కౌబాయ్స్ ప్రధాన కార్యాలయం ఆ ఊళ్లోనే ఉంది. మా తమ్ముడు ఫిలడెల్ఫియాలో ఉంటాడు, వాడికి అక్కడి జట్టు ఈగల్స్ అంటే ప్రాణం. సెప్టెంబర్‌లో సీజన్ మొదలయ్యేలోపు ఎవరి డిఫెన్స్ (ప్రత్యర్థిని పాయింట్లు చేయనివ్వకుండా ఆపే ఆటగాళ్లు) గట్టిదో తేలిపోవాలని ఇద్దరూ నన్ను అడుగుతారు. అడగడంలో తప్పులేదు, నా పనే అది. హైదరాబాద్‌లో కూర్చుని ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) మ్యాచ్‌ల వీడియో చూస్తూ ప్రతి ప్లేనూ, అంటే బంతి కదిలినప్పటినుంచి ఆగేదాకా జరిగే ఒక్కో ఆట ముక్కనీ, నమోదు చేస్తాను. డిఫెన్స్‌లో పదకొండు మంది ఎక్కడెక్కడ నిలబడ్డారు, బంతి విసిరే ప్రత్యర్థి క్వార్టర్‌బ్యాక్ మీదకి ఎంతమంది ఉరికారు, వెనక కాపలాకి ఎంతమంది మిగిలారు, ఇవన్నీ రాయాలి. మ్యాచ్‌కి సుమారు 120 ప్లేలు. ఒక్కోదాన్ని నాలుగైదుసార్లు వెనక్కి తిప్పి చూడాలి.

ఈ వాదనల్లో ప్రతి ఏడాదీ వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి. వాటి గురించే ఇది.

అపోహ: పోయినేడాది తక్కువ పాయింట్లు ఇచ్చారు కాబట్టి ఈసారీ వాళ్లదే పైచేయి.

వాస్తవం: బావగారు, తమ్ముడు కొట్టుకునే ఈ రెండు జట్లనే చూడండి. 2023లో కౌబాయ్స్ 17 మ్యాచ్‌ల్లో ప్రత్యర్థులకి ఇచ్చినవి 315 పాయింట్లు, ఈగల్స్ ఇచ్చినవి 428. ఆ లెక్కన 2024 ఆగస్టులో ఎవరిని అడిగినా డాలస్ అనే చెప్పాలి. సీజన్ అయ్యేసరికి కౌబాయ్స్ ఇచ్చినవి 468, ఈగల్స్ ఇచ్చినవి 303. ఒక్క ఏడాదిలో తలకిందులైంది.

ఎందుకైందో వెతికితే కారణాలు కళ్లెదుటే కనిపిస్తాయి. డాలస్ డిఫెన్స్‌ను నడిపిన డాన్ క్విన్ హెడ్ కోచ్‌గా వాషింగ్టన్‌కి వెళ్లిపోయాడు. వెళ్లింది కూడా అదే డివిజన్‌లోని (లీగ్‌లో నాలుగు జట్ల గుంపు) ప్రత్యర్థి జట్టుకి. అతని స్థానంలో మైక్ జిమ్మర్ వచ్చాడు, పద్ధతి మారింది. దానికితోడు గాయాలు. నాలుగో వారం జెయింట్స్‌తో ఆడిన ఒక్క మ్యాచ్‌లోనే మైకా పార్సన్స్ చీలమండ, డిమార్కస్ లారెన్స్ పాదం దెబ్బతిన్నాయి. లారెన్స్ ఆ సీజన్‌లో మళ్లీ ఆడలేదు.

ఈగల్స్ వైపు డిఫెన్స్ నడపడానికి విక్ ఫాంజియో వచ్చాడు. కాలేజీ ఆటగాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి రెండు ఎంపికలూ కార్నర్‌బ్యాక్‌లకే (బంతి అందుకునేవాళ్లని కాపలా కాసేవాళ్లు) వాడారు: క్విన్యాన్ మిచెల్, కూపర్ డీజీన్. నాకు వీటన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది జాక్ బాన్ సంగతి. న్యూ ఆర్లీన్స్ జట్టులో అతన్ని ఎక్కువగా ముందు వరస అంచు మీద, బంతిని తన్నే ప్లేలకి దిగే స్పెషల్ టీమ్స్‌లో వాడేవాళ్లు. ఈగల్స్ అతన్ని ఒక్క ఏడాది ఒప్పందంతో, పెద్ద ఖర్చు లేకుండా తెచ్చుకుని ముందు వరస వెనక, మధ్యలో లైన్‌బ్యాకర్‌గా నిలబెట్టారు. అదే ఏడాది ఆల్-ప్రో (లీగ్‌లో ఆ ఏటి ఉత్తమ ఆటగాళ్ల జాబితా)కి ఎంపికయ్యాడు. మనిషి మారలేదు, నిలబడే చోటు మారింది. పోయినేడాది పాయింట్ల పట్టికలో ఇది కనిపించే అవకాశమే లేదు.

అపోహ: ఇచ్చిన పాయింట్లన్నీ డిఫెన్స్ ఖాతాలోవే.

వాస్తవం: కావు. 2024 డిసెంబర్ 29న ఈగల్స్ డాలస్‌ను 41-7తో చిత్తు చేశారు. ఆ 41లో ఒక టచ్‌డౌన్ (బంతితో గోల్ గీత దాటడం) జరిగినప్పుడు డాలస్ డిఫెన్స్ మైదానంలోనే లేదు. డాలస్ క్వార్టర్‌బ్యాక్ కూపర్ రష్ విసిరిన బంతిని ఈగల్స్ ఆటగాడు గార్డ్‌నర్-జాన్సన్ పట్టుకుని నేరుగా గోల్ దాకా పరుగెత్తాడు. అయినా సీజన్ చివర్లో మనం చూసే మొత్తంలో ఆ పాయింట్లూ కలిసే ఉంటాయి.

సొంత గోల్ దగ్గర బంతి పోగొట్టుకునే అఫెన్స్ (బంతితో దాడి చేసేవాళ్లు) ఉన్న జట్టులో డిఫెన్స్‌కి కాపాడుకోవడానికి ఇరవై ముప్పై గజాలే మిగులుతాయి. మరో జట్టు డిఫెన్స్‌కి డెబ్బై గజాలు చేతిలో ఉంటాయి. అందుకే నేను మొత్తం పాయింట్లు చూడను. ప్రత్యర్థి చేతికి బంతి వచ్చిన ఒక్కో వంతుకి ఎన్ని పాయింట్లు ఇచ్చారు, ఆ వంతు ఎక్కడ మొదలైంది అన్నది చూస్తాను. ఒకే డివిజన్‌లోని జట్లయితే పోల్చడం కాస్త తేలిక. ఈగల్స్, కౌబాయ్స్ షెడ్యూళ్లలో వేరే ప్రత్యర్థులతో ఆడే మ్యాచ్‌లు మూడే. పన్నెండు మ్యాచ్‌లు ఇద్దరికీ ఉమ్మడి ప్రత్యర్థులతో, మిగతా రెండూ వాళ్లలో వాళ్లకే.

అపోహ: సాక్‌లు ఎక్కువుంటే డిఫెన్స్ బలమైనది. బ్లిట్జ్ ఎంత చేస్తే అంత భయం.

వాస్తవం: తెలియని వాళ్లకి ఒక్క మాట. బంతి విసిరేలోపే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొడితే సాక్. మామూలుగా వెళ్లే నలుగురికి తోడు అదనంగా మనుషుల్ని పంపితే బ్లిట్జ్.

2024లో డాలస్ సాక్‌లు 52, ఈగల్స్ సాక్‌లు 41. సాక్‌లే కొలమానమైతే ఆ ఏడాది ఈగల్స్ కన్నా డాలస్ డిఫెన్సే గట్టిదనాలి. కానీ ఆ డాలస్ జట్టుని ఎదురుగా పరుగెత్తి ఓడించేవాళ్లు. నడిమధ్యన బంతి పట్టుకుని తోసుకుంటూ వచ్చేవాళ్లని ఆపలేకపోతే, అంచు మీద పార్సన్స్ లాంటి మెరుపు ఉన్నా ప్రత్యర్థికి బంతి విసరాల్సిన అవసరమే రాదు. డెట్రాయిట్ వాళ్లు డాలస్ సొంత మైదానంలోనే 47-9తో గెలిచి వెళ్లారు.

బ్లిట్జ్ సంగతి చెడుగుడు ఆడినవాళ్లకి వెంటనే అర్థమవుతుంది. కూతకొచ్చినవాడి మీదకి అందరూ ఒక్కసారే ఉరికితే దొరికితే దొరుకుతాడు, తప్పించుకుంటే ఒకేసారి ఎంతమంది అవుటవుతారో లెక్కుండదు. ఇక్కడా అంతే. ముందుకి పంపిన ప్రతి మనిషికీ వెనక ఒక కాపలా తగ్గుతుంది.

2025 ఫిబ్రవరి 9న న్యూ ఆర్లీన్స్‌లో లీగ్ ఫైనల్, సూపర్ బౌల్. ఆ మ్యాచ్‌లో కాన్సస్ సిటీ మీద ఈగల్స్ ఒక్కసారంటే ఒక్కసారి కూడా బ్లిట్జ్ చేయలేదు. అయినా కాన్సస్ సిటీ క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్‌ని ఆరుసార్లు పడగొట్టారు, 40-22తో గెలిచారు. రెండో క్వార్టర్‌లో వరసగా వచ్చిన మూడు ప్లేలు నేను ఎన్నిసార్లు చూశానో చెప్పలేను. మొదటి ప్లేలో ఈగల్స్ ఆటగాడు జాష్ స్వెట్ సాక్. రెండో ప్లేలో అతని జట్టువాడే జాలిక్స్ హంట్ సాక్. మూడో ప్లేలో బంతిని నిలబెట్టుకోవాలంటే కాన్సస్ సిటీకి 16 గజాలు కావాలి. ఇక విసరక తప్పదని స్టేడియంలో అందరికీ తెలుసు. నలుగురే వెళ్లారు, ఏడుగురు వెనక ఉన్నారు. ఆ ఏడుగురిలో ఒకడైన డీజీన్ బంతిని అందుకుని 38 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. ఆ రోజు అతని ఇరవై రెండో పుట్టినరోజు కూడా.

నలుగురితోనే ఒత్తిడి తేగలరా? రెండు డిఫెన్స్‌లను పక్కపక్కన పెట్టినప్పుడు నేను మొదట వేసుకునే ప్రశ్న ఇది. దీనికి జవాబు సాక్‌ల లెక్కలో దొరకదు. సాక్ కాకపోయినా క్వార్టర్‌బ్యాక్‌ని కదిలించిన ప్రతిసారీ రాసుకుంటేనే దొరుకుతుంది.

అపోహ: వెనక్కి తగ్గి నిలబడే డిఫెన్స్ పిరికిది.

వాస్తవం: ఫాంజియో పద్ధతి మీద ఈ నింద ఎప్పుడూ ఉంది. ఇద్దరు సేఫ్టీలని (అందరికన్నా వెనక కాపలా కాసేవాళ్లని) బాగా లోతుగా నిలబెడతాడు. మన క్రికెట్‌లో ఇద్దరు మంచి ఫీల్డర్లని బౌండరీ దగ్గర పెట్టడం లాంటిది. సింగిల్స్ తీసుకోనివ్వు, ఫోర్ మాత్రం పోనివ్వకు. ఓపిక లేని క్వార్టర్‌బ్యాక్ ఆ సింగిల్స్‌తో సరిపెట్టుకోలేక తప్పు చేస్తాడు.

వీడియోలో నేను చూసేది ఆ ఇద్దరి పాదాలు. బంతి కదలకముందు ఇద్దరూ ఒకే లోతులో, ఒకేలా నిలబడతారు. బంతి కదిలిన క్షణంలో ఒకడి మడమ తిరుగుతుంది. ఒకసారి ముందుకొస్తాడు, ఇంకోసారి వెనక్కి మధ్యలోకి జారతాడు. ముందు కనిపించిన బొమ్మ ఒకటే, తర్వాత జరిగేవి నాలుగైదు రకాలు. ఆ అర సెకను క్వార్టర్‌బ్యాక్ ఆలోచనలో పడితే చాలు, ముందున్న నలుగురికి అది సరిపోతుంది. ఇందులో పిరికితనం ఎక్కడుందో నాకు ఇప్పటికీ కనిపించలేదు.

అపోహ: ఇంటర్సెప్షన్లు (ప్రత్యర్థి విసిరిన బంతిని డిఫెన్స్ పట్టుకోవడం) ఎక్కువ పట్టినవాడు మళ్లీ అన్నే పడతాడు.

వాస్తవం: డాలస్ కార్నర్‌బ్యాక్‌గా ట్రెవాన్ డిగ్స్ 2021లో 11 పట్టాడు. మరుసటి ఏడాది 3. ఆట మర్చిపోయాడా? లేదు, ఆ రెండో ఏడాదీ ప్రో బౌల్ (లీగ్ స్టార్ ఆటగాళ్ల పోటీ)కి ఎంపికయ్యాడు. బంతి గాల్లో తగిలి ఎటు ఎగురుతుందో, కింద పడ్డ బంతి మీద ఎవరి చెయ్యి ముందు పడుతుందో ఏ కోచ్ చేతిలోనూ ఉండదు.

అపోహ: 4-3 (ముందు వరసలో నలుగురు, వెనక ముగ్గురు లైన్‌బ్యాకర్లు) మంచిదా, 3-4 (ముందు ముగ్గురు, వెనక నలుగురు) మంచిదా తేలితే చాలు.

వాస్తవం: ఇప్పుడు సగానికి పైగా ప్లేల్లో మైదానంలో ఐదుగురు డిఫెన్సివ్ బ్యాక్‌లు (కార్నర్‌బ్యాక్‌లు, సేఫ్టీలు) ఉంటున్నారు. ఆ రెండు పేర్లూ చాలామటుకు కాగితం మీదే మిగిలాయి. అడగాల్సింది ఆ ఐదోవాడు ఎవరని.

అపోహ: ప్రీసీజన్‌లో (సీజన్‌కి ముందు ఆడే సన్నాహక మ్యాచ్‌ల్లో) ఎలా ఆడారో చూస్తే తెలిసిపోతుంది.

వాస్తవం: 2008లో డెట్రాయిట్ ప్రీసీజన్ నాలుగు మ్యాచ్‌లూ గెలిచింది. అసలు సీజన్‌లో 16కి 16 ఓడింది. 2017లో క్లీవ్‌లాండ్‌దీ అచ్చంగా అదే కథ. ఆ మ్యాచ్‌ల్లో అసలు ఆటగాళ్లు కాసేపే కనిపిస్తారు, కోచ్‌లు తమ ఎత్తులేవీ బయటపెట్టరు. 90 మందిలోంచి 53 మందిని ఏరుకోవడానికి ఆడే ఆట అది.

పైగా ఆగస్టు చివరి వారంలో జట్టే మారిపోవచ్చు. 2025 ఆగస్టు 28న డాలస్ పార్సన్స్‌ని గ్రీన్ బేకి ఇచ్చేసింది. బదులుగా కెన్నీ క్లార్క్, రెండు మొదటి రౌండ్ డ్రాఫ్ట్ ఎంపికలు వచ్చాయి. సరిగ్గా వారానికి, సెప్టెంబర్ 4న, ఫిలడెల్ఫియాలో మొదటి మ్యాచ్. పార్సన్స్ వెళ్లిపోయిన రాత్రి బావగారు ఫోన్ చేసినప్పుడు గొంతులో బాధ దాచుకోలేకపోయారు. నెలరోజులుగా మేం చేసిన పోలిక అంతా ఆ ఒక్క కబురుతో పాతబడిపోయింది.

అయినా ప్రీసీజన్ వీడియో నేను వదలను. స్కోరు చూడను. రెండో క్వార్టర్‌లో, కెమెరా బంతి వెంట పోతున్నప్పుడు, స్లాట్‌లో (అంచుకీ మధ్యకీ నడుమ చోటులో) నిలబడ్డ ఆ ఐదో మనిషి జెర్సీ నంబర్ రాసుకుంటాను. పక్కవాడికి చేత్తో సైగ చేసి చోటు సరిచేస్తున్నది ఎవరో చూసి ఆ నంబరూ రాసుకుంటాను. ఈసారి తమ్ముడు, బావగారు అడిగినప్పుడు నా దగ్గర ఉండేవి ఆ రెండు నంబర్లే.