పాత అల్లాయ్ వీల్స్: బఫింగ్‌కి ముందు ఒకసారి వెనక్కి తిప్పి చూడండి

ఈ మధ్య ఒకాయన నాలుగు ఫుక్స్ వీల్స్ తెచ్చి నా బల్ల మీద పెట్టారు. వాళ్ల నాన్నగారు వదిలి వెళ్లిన 1972 పోర్షె 911వి. మొహం చూసుకునేంతగా మెరుస్తున్నాయి. మరకలు పడ్డాయని ఏదో షాపులో బఫింగ్ చేయించారట. "రెండు నెలలు కాలేదు, అప్పుడే మచ్చలొస్తున్నాయి. పాలిష్ సరిగ్గా కొట్టినట్టు లేరు, మీరు ఇంకోసారి కొట్టి పెట్టండి" అన్నారు. ఒక వీల్‌ను బోర్లా వేసి స్పోకుల వెనక చూశాను. నంబర్లు ఉండాల్సిన చోట శాండింగ్ డిస్క్ గీతలున్నాయి. వెనక వైపు కూడా 'శుభ్రం' చేసేశారు.

ఆయనకు ఏం చెప్పాలో కాసేపు తోచలేదు. ఇలాంటివి ఎన్నోసారి చూడటమో లెక్కే లేదు. అందుకే ఈ పోస్టు.

అపోహ: వీల్ మెరిస్తే బాగైనట్టే

ఈ ఒక్క మాట వల్ల పాడైనన్ని పాత వీల్స్ గుంతల వల్ల కూడా పాడై ఉండవు. ఎందుకంటే గుంతలో పడి వంగిన రిమ్‌ను చాలాసార్లు సరిచేయొచ్చు. అరగదీసిన లోహాన్ని ఎవరూ తిరిగి తేలేరు.

ఫుక్స్ సంగతే చూడండి. 1967 మోడల్ 911 ఎస్‌తో వచ్చిన ఈ వీల్ ఫోర్జ్ చేసిన (వేడి లోహాన్ని గట్టిగా ఒత్తి మలిచిన) అల్యూమినియం. మొదటి సైజు 4.5జె × 15, అంటే రిమ్ వెడల్పు 4.5 అంగుళాలు, వ్యాసం 15 అంగుళాలు. దీని పైన ఉండేది పెయింట్ కాదు, క్రోమ్ కాదు, అనోడైజింగ్. అంటే ఆ లోహమే పైపైన ఆక్సైడ్‌గా మారి ఏర్పడిన గట్టి పొర. చూడటానికి పట్టులాగా మందమైన మెరుపుతో ఉంటుంది. బఫింగ్ చక్రం పెట్టగానే ఆ పొర పోతుంది, కింద పచ్చి అల్యూమినియం బయటపడుతుంది. మొదటి వారం అద్దంలా ఉంటుంది. తర్వాత తేమ, బ్రేక్ డస్ట్ కలిసి దాన్ని తినడం మొదలుపెడతాయి. అప్పుడు మళ్లీ పాలిష్, మళ్లీ మచ్చ. ఆయన వీల్స్ మీద మచ్చలు పాలిష్ తక్కువై వచ్చినవి కాదు, ఎక్కువై వచ్చినవి.

మరో నష్టం ఉంది, అది డబ్బు నష్టం కాదు, ప్రాణానికి సంబంధించింది. అల్యూమినియం మెత్తటి లోహం. బఫింగ్ చేసినప్పుడు పై పొర సాగి, వెంట్రుక మందం క్రాక్‌ల నోళ్లను పూడ్చేస్తుంది. క్రాక్ లోపలే ఉంటుంది, కంటికి కనపడదు. ఆ తర్వాత రంగు ద్రవంతో పరీక్ష చేసినా ఆ ద్రవం లోపలికి దిగదు కాబట్టి వీల్ 'పాస్' అయిపోతుంది. అందుకే మా దగ్గర వరుస ఎప్పుడూ ఒకటే: ముందు గుర్తింపు, తర్వాత క్రాక్ పరీక్ష, అందం చివర్న. ఎవరైనా ముందే మెరిపించి తెస్తే, పై పొరను కెమికల్‌తో కొద్దిగా తినిపించి అప్పుడు పరీక్షిస్తాం.

ఆ పరీక్షలో గొప్ప యంత్రాలేం ఉండవు. వీల్‌ను నూనె మరక లేకుండా కడిగి ఆరబెట్టి, ఎర్రటి పెనెట్రంట్ (పగుళ్లలోకి దిగే ఆ రంగు ద్రవం) పూసి, పావుగంట నుంచి అరగంట వదిలేస్తాం. పైది తుడిచేసి, తెల్లటి డెవలపర్ స్ప్రే చేస్తాం. క్రాక్ ఉంటే ఆ తెలుపు మీద సన్నటి ఎర్రగీత నెమ్మదిగా ఊరుతుంది. బోల్టు రంధ్రాల చుట్టూ, స్పోక్ హబ్‌లో (వీల్ మధ్య భాగంలో) కలిసే మూలల్లో, రిమ్ లోపలి అంచున ఎక్కువగా చూస్తాం. వేలితో కొట్టి శబ్దం విని "గట్టిగానే ఉంది" అనేవాళ్లున్నారు. దయచేసి ఆ శబ్దాన్ని నమ్మి కారెక్కకండి.

అపోహ: అల్లాయ్ అంటే అల్యూమినియమే

నా దృష్టిలో రెండో పెద్ద పొరపాటు ఇదే. పాత స్పోర్ట్స్ కార్ల వీల్స్‌లో మెగ్నీషియంవి చాలా ఉన్నాయి. లంబోర్గిని మియురా కారు కింద ఉండే కాంపాగ్నోలో కంపెనీ వీల్స్ మెగ్నీషియం. మొదట్లో వచ్చిన మినీలైట్ బ్రాండు వీల్స్ మెగ్నీషియం, అదే రూపంలో తర్వాత అల్యూమినియంవీ వచ్చాయి. ఫొటో చూసి ఏది ఏదో చెప్పమంటే నేను చెప్పలేను, ఎవరు చెప్పినా నమ్మకండి.

చేత్తో ఎత్తితే కొంత తెలుస్తుంది. మెగ్నీషియం సాంద్రత 1.74, అల్యూమినియంది 2.7. అదే సైజు వీల్ మూడింట రెండు వంతుల బరువే ఉంటుంది. ఖాయం చేసుకోవాలంటే వెనక వైపు కనపడని చోట గోరంత పెయింట్ గీకి, ఒక్క చుక్క తెల్ల వెనిగర్ వేయండి. మెగ్నీషియమైతే క్షణాల్లో బుసబుస నురగ వస్తుంది. అల్యూమినియం మౌనంగా ఉంటుంది. చూసిన వెంటనే నీళ్లతో కడిగి, పూర్తిగా తుడిచి ఆరబెట్టండి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేర్చుకునే రోజుల్లో నేనే ఒక మెగ్నీషియం వీల్‌ను మామూలు అల్యూమినియం అనుకుని బ్లాస్టింగ్ (సన్నటి రేణువుల్ని గాలి ఒత్తిడితో కొట్టి పైపూత తీయడం) చేశాను. సాయంత్రానికి బూడిదరంగులో అందంగా తేలింది. పెయింట్ రేపు వేద్దామని అలాగే వదిలి ఇంటికెళ్లాను. రాత్రి వాన పడింది. పొద్దున్నే వచ్చి చూస్తే వీల్ అంతా తెల్లగా, ముగ్గు చల్లినట్టు పొడి. వేలితో రాస్తే ఊడి వస్తోంది. నాకు పని నేర్పిన ఆయన కోప్పడలేదు. ఆ పొడిని నా అరచేతిలో పోసి, "నువ్వు తీసింది మురికి కాదు, దాని చొక్కా" అన్నారు. మెగ్నీషియం వీల్స్‌కు తయారీలోనే క్రోమేట్ పూత ఇచ్చేవారు. అది తీసేస్తే గంటల్లో మళ్లీ తగిన పూత, ప్రైమర్ పడాలి, ఒక్క రాత్రి కూడా ఆగకూడదు. యాసిడ్ ఉన్న వీల్ క్లీనర్లు దీని దగ్గరికి రానే కూడదు. అల్యూమినియానికి శత్రువు మరొకటి, కాస్టిక్ సోడా కలిసిన పెయింట్ రిమూవర్. లోహం ఏదో తెలియకుండా ఏ సీసా మూతా తీయొద్దని చెప్పేది ఇందుకే.

"మెగ్నీషియం అంటే అగ్గిపుల్లలాగా అంటుకుంటుందట కదా, ఇంట్లో పిల్లలున్నారు సార్" అని భయపడుతూ అడిగేవాళ్లుంటారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది, అందుకే వివరంగా చెబుతాను. నిండు వీల్ అంత తేలిగ్గా అంటుకోదు. దాదాపు 650 డిగ్రీల దగ్గర కరిగే లోహం అది, ఆ వేడికి చేరువైతే తప్ప మండదు. గ్యారేజీలో కారు కింద ఉన్న వీల్ గురించి టెన్షన్ పడక్కర్లేదు. ప్రమాదం గ్రైండింగ్‌లో వచ్చే సన్నటి పొడిలో, తురుములో ఉంది. అవి నిప్పురవ్వకే అంటుకుంటాయి, నీళ్లు పోస్తే హైడ్రోజన్ పుట్టి మంట ఇంకా పెరుగుతుంది. పొడి ఇసుక కానీ, లోహపు మంటల కోసం ఉండే ప్రత్యేకమైన ఎక్స్‌టింగ్విషర్ కానీ వాడాలి. కాబట్టి ఈ వీల్స్‌ను ఇంట్లో గ్రైండ్ చేయకండి.

అపోహ: వెల్డింగ్ చేసి పౌడర్ కోటింగ్ వేస్తే కొత్తదే

స్పోక్‌లో, హబ్‌లో క్రాక్ ఉన్న వీల్‌ను నేను వెల్డ్ చేయను. ఎంత బతిమాలినా చేయను. చాలా అల్యూమినియం వీల్స్‌కు బలం వచ్చేది టీ6 అనే వేడి శుద్ధి వల్ల: ఎక్కువ వేడి చేసి, ఒక్కసారిగా చల్లార్చి, మళ్లీ తక్కువ వేడిలో గంటల తరబడి ఉంచుతారు. వెల్డింగ్ వేడి తగిలిన చుట్టుపక్కల ఆ శుద్ధి పోయి లోహం మెత్తబడుతుంది. పాత క్రాక్ మూసుకుంటుంది, దాని పక్కన బలహీనమైన చోటు తయారవుతుంది. పౌడర్ కోటింగ్ (రంగు పొడి చల్లి ఓవెన్‌లో కరిగించి అంటించే పూత) దగ్గర 200 డిగ్రీల వేడి కొద్ది నిమిషాలే కాబట్టి పద్ధతిగా ఒకసారి చేస్తే నాకు అభ్యంతరం లేదు. పాత పెయింట్ తీయడానికి వీల్‌ను ఓవెన్‌లో 350 డిగ్రీలు దాటించి కాల్చేవాళ్ల దగ్గర మాత్రం మీ వీల్ దింపకండి. పైగా ఆ మందపాటి పూత కింద క్రాక్ కూడా దాక్కుంటుంది.

మిగతావి గబగబా

అల్లాయ్ వీల్స్ డెబ్భైల ఫ్యాషన్ అంటారు. 1924లో బుగాటీ టైప్ 35 పోత అల్యూమినియం వీల్స్‌తోనే రేసుకు దిగింది.

చూడటానికి అల్లాయ్‌లా ఉంటే అల్లాయే అనుకుంటారు. ఎంజీబీ అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు మీద కనిపించే రోస్టైల్ వీల్స్ స్టీలువి. అయస్కాంతం పెడితే ఒక్క సెకనులో తేలిపోతుంది.

బోల్టు పడితే వీల్ సరిపోయినట్టే అంటారు. ఇది ప్రమాదం. ఫియట్ 124 స్పైడర్ పీసీడీ (బోల్టు రంధ్రాల మధ్య బిందువుల గుండా పోయే వృత్తం వ్యాసం) 98 మిల్లీమీటర్లు, వేరే ఎన్నో కార్లది 100. తేడా రెండు మిల్లీమీటర్లే కాబట్టి బలవంతంగా బిగిస్తే ఎక్కుతుంది, కానీ బోల్టు వంకరగా కూర్చుంటుంది. నట్ల సంగతీ అంతే: గుండ్రటి సీటుకు గుండ్రటి నట్టు, కోను సీటుకు కోను నట్టు. మార్చి వేస్తే ఎంత బిగించినా వదులవుతాయి.

ఒరిజినల్ అయితే కొత్తదానికంటే గట్టిది అంటారు. యాభై ఏళ్ల మెగ్నీషియం రేసు వీల్‌ను నేనైతే రోడ్డు మీద నడపను. దాన్ని జాగ్రత్తగా దాచుకుని, నడపడానికి అదే రూపంలో కొత్తగా పోసినవి వాడమంటాను.

వీల్ చేతికి రాగానే మీరు చేయాల్సింది ఇంతే: మామూలు సబ్బునీళ్లు, మెత్తటి బ్రష్‌తో వెనక వైపు కడగండి. కనిపించిన ప్రతి అక్షరానికీ ఫొటో తీయండి. 6జె × 15 లాంటి సైజు, ఈటీ అక్షరాల పక్కన ఆఫ్‌సెట్ (రిమ్ నడిమి నుంచి హబ్‌కు ఆనే ముఖం ఎంత దూరమో చెప్పే అంకె), పార్ట్ నంబరు, నెల, సంవత్సరం. జర్మన్ వీల్ అయితే కేబీఏ (అక్కడి వాహన అధికార సంస్థ) ఆమోద నంబరు ఉండొచ్చు, జపాన్‌దైతే జేడబ్ల్యూఎల్ అనే అక్కడి వీల్ ప్రమాణం గుర్తు. అక్షరాలు ఉబ్బెత్తుగా ఉంటే అచ్చులోంచి వచ్చినవి, లోపలికి దిగి ఉంటే తర్వాత ముద్ర కొట్టినవి. ఇవి చూశాకే ఏ పని చేయించాలో మాట్లాడుకుందాం.

ఇక ఆ 911 ఆయన సంగతి. నాలుగు వీల్స్‌లోనూ క్రాక్ లేదు, అది అదృష్టం. మళ్లీ అనోడైజ్ చేయించొచ్చు, కానీ ఏ మెరుపుకి తేవాలి? పాత ముద్రలేవి? అడిగితే ఆయన దగ్గర జవాబు లేదు. వెళ్లబోతూ ఆగి, "స్టెప్నీ కూడా ఇలాంటిదే ఉంది సార్, డిక్కీలోంచి తీయడం మర్చిపోయి బఫింగ్‌కి ఇవ్వలేదు" అన్నారు. మర్నాడు తెచ్చారు. మట్టి, తారు మరకలు. సబ్బునీళ్లతో కడిగి వెనక్కి తిప్పితే పార్ట్ నంబరు, సైజు, నెల, సంవత్సరం అన్నీ ఉన్నాయి. ముందు వైపు పట్టులాంటి ఆ మందమైన మెరుపూ ఉంది. ఆయన చాలాసేపు దాని మీద చెయ్యి పెట్టి కూర్చున్నారు. ఇప్పుడు ఆ వీల్‌ను పక్కన పెట్టుకుని, మిగతా నాలుగింటినీ దాని రంగుకి తెస్తున్నాం.